మరియ రాసిన మూడు వేల ప్రశ్నలు

"ఇంట్ల ఖాళీగనే ఉంటవ్ గద, జర ప్రశ్నలు రాసియ్యరాదు" అన్నాడు భర్త ఆంథోని. మరియ అప్పుడు ఒక చేత్తో పప్పు మెదుపుతూ, ఇంకో చేత్తో అత్తగారి చాయ్ వడపోస్తోంది. ఆ ఇంట్లో ఖాళీ అంటే అదే.

తొంభై ఒకటిలో ఆంథోని సారపాకలో కంప్యూటర్ సెంటర్ తెరిచాడు. చేరేవాళ్ళు లేక ఈగలు తోలుకుంటుండగా ఉపాయం తట్టింది. క్విజ్‌లో మనుషులను ఓడించే కంప్యూటర్‌ను తయారుచేసి జనం ముందు ఆడిస్తే, ఊళ్ళోని కాగితం మిల్లు ఉద్యోగులు పిల్లల్ని వెంటబెట్టుకొస్తారు. ప్రోగ్రామ్ అతనే రాశాడు, కాదనడానికి లేదు. అందులో నింపిన తెలివంతా మరియది. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు టీచరుగా చేసిన మనిషి. భద్రాచలం లైబ్రరీ పుస్తకాలు, పాత పేపర్లు ముందేసుకుని, ఎసరు మరిగేలోపు రెండు, బట్టలు నానేలోపు నాలుగు చొప్పున ఎనిమిది నెలల్లో మూడు వేల ప్రశ్నలు రాసింది.

రాస్తే అయిపోదు. అడిగిన ప్రశ్నలోంచి సరైన మాట ఒకటి టైపు చేస్తేనే కంప్యూటర్ జవాబు వెతుకుతుంది. ప్రతి ప్రశ్నకూ ఆ మాటను ఎంచి, ఎక్కించింది కూడా మరియే. "పొద్దంత ఆ డబ్బ ముంగట కూసుంటే కూర ఎవలు చూస్తరు?" అని అత్త జోజమ్మ సాధించేది. మరియకు మాత్రం ఆ ఆకుపచ్చ అక్షరాల ముందు మళ్ళీ టీచరమ్మనయ్యానని అనిపించేది. "తెర మీద ఇద్దరి పేర్లొస్తయ్. సెంటర్ల పాఠాలు నువ్వే చెప్పాలె" అన్నాడు ఆంథోని. నమ్మింది. నమ్మి, రెండు పేర్లూ తన చేత్తోనే టైపు చేసింది.

పోటీ రోజు హాలు కిక్కిరిసింది. తెర వెలిగింది. ఆంథోని పేరొక్కటే ఉంది. సరిగ్గా చూడలేదేమోనని మళ్ళీ చూసింది. పేరు దానంతటది పోదు, ఎవరో కూర్చుని ఒక్కో అక్షరం చెరపాలి.

యంత్రానికి ఎదురుగా ముగ్గురు మనుషులు. హెడ్మాస్టరుగా రిటైరైన చెంచురామయ్య ప్రశ్నలడుగుతున్నారు. మొదటి సగంలో కంప్యూటరే గెలిచింది, అందరికన్నా వెనకబడిన ఒకాయన దిగిపోయాడు. "ఇంత తెలివి ఎట్ల నింపినవయ్యా?" అని మాస్టారు మైకులో అడిగారు.

"ఒక్కణ్ణే కష్టపడ్డ సార్. మా ఇంటామెకు మిక్సీ తప్ప ఏ మిషనూ తెల్వదు."

హాలంతా నవ్వింది. అలవాటుకొద్దీ మరియ కూడా నవ్వింది. అలా నవ్వినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. పరాయివాడు దొంగిలిస్తే అరిచి గోల చెయ్యొచ్చు. తను వడ్డించిన అన్నం తింటూ, తన పక్కనే కూర్చుని ఒక్కో ప్రశ్న చదివించుకున్నవాడు చేస్తే ఎవరితో చెప్పుకోవాలి? పదకొండేళ్ళుగా ఇతని ఇజ్జత్ కాపాడటమే తన ఉద్యోగమైపోయింది, జీతం లేదు, పేరూ లేదు.

ఆట మళ్ళీ మొదలైంది. కంప్యూటర్ వంతు వచ్చింది. "మన అడవిల ఎండకాలం యాభై యాభై ఆకులు కట్టగట్టి ఆరబెడతరు. ఏ ఆకు?" అన్నారు మాస్టారు.

ఆంథోని 'అడవి' అని కొట్టాడు. తెర ఖాళీ. 'ఆకు' అని కొట్టాడు. ఖాళీ. 'కట్ట' అన్నా అంతే. బీడీలు చుట్టే తునికాకు అని పసిపిల్లలకు కూడా తెలుసు, ఆంథోనికీ తెలుసు, చెప్పాల్సింది మాత్రం కంప్యూటర్. ఆకులు కోసే ముత్తక్కను అడిగి తెలుసుకుని ఆ ప్రశ్నకు 'యాభై' అనే మాట పెట్టింది మరియ. ప్రశ్నలకు పెట్టిన మాటలను ఆంథోని ఒక్కసారైనా తిరగేసి ఉంటే తెలిసేది.

జనం కేకలు మొదలుపెట్టారు. ఆంథోని వేదిక అంచుకొచ్చి వంగాడు. చెమటలు కారుతున్నాయి.

"మరియా, దానికేం మాట పెట్టినవే? జల్దీ చెప్పు, ఇజ్జత్ పోతది."

మరియ లేచింది. అతని పక్కనుంచే మెట్లెక్కి మాస్టారి ముందు నిలబడింది.

"సార్, నా పేరు మరియ. ఆ కంప్యూటర్ల ఉన్న ప్రశ్నలన్నీ నేను రాసినవే. మనుషుల దిక్కు ఒక కుర్చీ ఖాళీ ఉంది గద, నేను కూసుంట."