అవతలి ఒడ్డు అవును

నూట ఇరవై రెండు, నూట ఇరవై మూడు... పెన్కా పెదవులు కదులుతున్నాయి గాని మాట బయటికి రావడం లేదు. రేవులో ఆఖరి మెట్టు మీద మోకాళ్ళు ఆనించి, కుడిచేత్తో తాడు పట్టుకుని, నీళ్ళలోకి దించిన థర్మామీటరు వైపు చూస్తోంది. నూట ఎనభై అయ్యేదాకా దాన్ని పైకి తీయకూడదు. చేతికి గడియారం ఉంది. అయితే ఇరవై తొమ్మిదేళ్ళ కిందట ఈ పనిలో చేరినప్పుడు గడియారం లేక అంకెలు లెక్కపెట్టుకుంది. తర్వాత గడియారం కొనుక్కున్నా నోరు ఆ అలవాటు మానలేదు.

మే నెల కావడంతో ఒడ్డునున్న పోప్లార్ చెట్లు దూది విడుస్తున్నాయి. గాలి లేకపోయినా ఆ తెల్లని పింజలు ఎక్కడికో పనున్నట్టు నెమ్మదిగా నది మీదుగా వెళుతున్నాయి. డాన్యూబ్ మీద పొగమంచు ఇంకా లేవలేదు. అవతల రుమేనియా ఉందని బళ్ళో చెప్పబట్టి నమ్మాలి గాని, కంటికి మాత్రం నీళ్ళు, నీళ్ళ తర్వాత తెలుపు, అంతే. ఈ వేళప్పుడు పెన్కాకు తను నిద్ర లేచిందో లేదో సరిగ్గా తెలియదు. నిద్రలో కూడా రోజూ ఈ మెట్టు మీదే మోకరిల్లుతుంది మరి.

థర్మామీటరు పైకి తీసి కళ్ళ దగ్గర పెట్టుకుంది. పదహారు ముప్పావు. రాతిగోడకు దిగేసిన ఇనుప కొలబద్ద మీద నీటిమట్టం నాలుగు మీటర్ల పద్దెనిమిది. సీసాలో నీళ్ళు పట్టి, మూత బిగించి, తేదీ రాసిన చీటీ అంటించింది. అప్పుడు పైకి డెబ్భై ఒక్క మెట్లు. ముప్ఫయ్యో మెట్టు దగ్గర ఎడమచెయ్యి లాగింది. సీసా బరువనుకుని రెండో చేతికి మార్చుకుంది. మందులంగడి అమ్మాయి గుండె చూపించుకోమని రెండుసార్లు చెప్పింది. పెన్కా అలాగేనంది. చూపించుకోలేదు.

మనిషి పొట్టి. భుజాలు మాత్రం పడవ లాగేవాళ్ళలా వెడల్పు. నీళ్ళలో నాని నాని చేతులు ఎర్రగా, గరుకుగా ఉంటాయి. బల్గేరియా ఒడ్డునున్న మా తుత్రాకాన్‌లో చేపల డబ్బాల ఫ్యాక్టరీ మూతపడినప్పుడు ఆమెకు ముప్ఫై నాలుగేళ్ళు. నది మీద పరిశోధన చేసే చిన్న ఆఫీసువాళ్ళు రోజూ ఉదయం ఏడింటికి రేవులోకి దిగి కొలతలు రాసే మనిషి కావాలన్నారు. జనవరిలో ఆ మెట్ల మీద మంచు సంగతి తెలిసినవాళ్ళెవరూ ముందుకు రాలేదు. పెన్కాకు కూడా తెలుసు. అయినా వచ్చింది. ఆ తర్వాత ఒక్కరోజు కూడా మానలేదు. భర్త మించో పోయిన రోజున సైతం ఏడింటికి కిందికి దిగి, కొలత రాసి, అప్పుడు పైకెక్కి ఏడ్చింది. ఊళ్ళో కొందరు దాన్ని రాతిగుండె అన్నారు. నేనైతే అనను.

ప్రతి శుక్రవారం ఆ వారపు అంకెల్ని ఫోన్లో అవతలి ఒడ్డుకు చెప్పాలి. అక్కడ వినేది డాక్టర్ లివియు కొజోకారు. డాక్టరంటే చేపల డాక్టరు. ఇద్దరికీ మర్యాద ఎక్కువ. ఆయన గౌరవం కోసం పెన్కా రుమేనియన్ భాషలో అంకె చెప్పేది, ఆమె గౌరవం కోసం ఆయన దాన్నే బల్గేరియన్‌లో తిరిగి చెప్పేవాడు. ఇద్దరి ఉచ్చారణా భయంకరం. అయినా ప్రతి అంకె రెండు నోళ్ళలో, రెండు భాషల్లో పడేసరికి ఇరవై రెండేళ్ళలో ఒక్క పొరపాటు దొర్లలేదు. అంకెలు అయిపోయాక ఆయన అక్కడి వాతావరణం చెప్పేవాడు. రెండు ఒడ్లకూ వాతావరణం ఒకటేనని ఆమె ఎన్నడూ అనలేదు. శుక్రవారాల్లో ఆమె తల దువ్వుకుని ఫోను దగ్గర కూర్చునేది. ఫోనులో తల కనబడదని వదిన రాయ్నా ఎగతాళి చేసేది.

ఆ అంకెల వల్లే మోరునా అనే పెద్ద చేప సముద్రంలోంచి ఏటికి ఎదురీది, గుడ్లు పెట్టడానికి ఏ వారంలో వస్తుందో ముందే చెప్పగలిగారు. ఇప్పుడు ఆ వారంలో రెండు ఒడ్లవాళ్ళూ వలలు వేయరు. రెండు దేశాల శాస్త్రవేత్తలు కలిసి చేసిన పనికి రెండు ప్రభుత్వాలూ కలిసి ఇచ్చే రెండు తీరాల పురస్కారం ఈసారి దానికే వచ్చింది. సభ మా ఊళ్ళోనే, పదకొండింటికి.

పెన్కా ఇంటికి చేరేసరికి రాయ్నా గుమ్మంలో కాచుకుని ఉంది. పెన్కా అన్న భార్య ఆవిడ. నోటికి తాళం లేదు.

"ఏమే పెళ్ళికూతురా, ఇంకా ఆ బురద బూట్లేనా? తెములు!"

"పేరు చదివినప్పుడు లేచి నిలబడాలా వదినా, కూర్చునే ఉండాలా?"

"నువ్వు నిలబడ్డా కూర్చున్నా ఒకటే ఎత్తు. ఎవరికీ తేడా తెలీదు పో!"

పెన్కా నవ్వింది. కిందటి అక్టోబరు నుంచి ఆమె ఇలాగే ఊరికే నవ్వుతోంది. అక్టోబరులో పురస్కారానికి పంపే కాగితాలు పట్టుకుని లివియు పడవలో వచ్చాడు. తిరిగి పడవెక్కబోతూ, గాలి హోరులో వంగి, "మా పేర్లతోపాటు మీ పేరు కూడా రాయమంటారా?" అని అడిగాడు. తన పేరు! ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ పట్టికల కింద 'పరిశీలకులు' అని ఉండేదే తప్ప ఆ పరిశీలకులెవరో ఎవరూ రాయలేదు. ఆ హోరులో పెన్కా తల ఊపింది. ఆయన కళ్ళు చెమర్చినట్టు కనిపించాయి. "మీ ఇష్టం," అని పడవెక్కాడు.

ఇక ఆ చలికాలమంతా ఆమె నేల మీద లేదు. కొలబద్ద మీది అంకెల పక్కన తన పేరు కనిపించేది. వీధి వీధంతా చెప్పింది. రొట్టెల కొట్టువాడికి చెప్పింది. మించో సమాధికీ చెప్పి వచ్చింది.

హాలు నిండిపోయింది. పెన్కా, రాయ్నా మూడో వరుసలో కూర్చున్నారు. నీలం రంగు జాకెట్ గుండీలు మెడదాకా పెట్టుకోవడంతో ఊపిరి కాస్త బిగుతుగా ఉంది. వేదిక మీద ఎవరో ప్రసంగిస్తున్నారు. కిటికీల్లోంచి వచ్చే వెలుగులో ఆమెకు మనుషులందరూ నీళ్ళ అడుగున కూర్చున్నట్టు, మాటలు పైనుంచి మెల్లగా దిగుతున్నట్టు అనిపించింది. సుఖంగా ఉంది.

అప్పుడు పేర్లు చదివారు. మొదట మా భాషలో. అక్షరక్రమంలో పెన్కా ఇంటిపేరు గాన్చెవా నాలుగోది కావాలి. నాలుగో పేరు ఇంకెవరిదో వచ్చింది. తొమ్మిది పేర్లయ్యాయి. చప్పట్లు. రుమేనియన్ జాబితాలో ఉంటుందేమోనని పెన్కా ఊపిరి బిగబట్టి కూర్చుంది. అవే తొమ్మిది పేర్లు. మళ్ళీ చప్పట్లు. ఆమె కూడా చప్పట్లు కొట్టింది, చేతులు ఏం చేస్తున్నాయో తెలియకుండానే. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. రొట్టెల కొట్టువాడు రెండు వరుసల వెనక కూర్చుని ఉన్నాడు.

"ఎవడో నీ పేరు మింగేశాడే," అంది రాయ్నా పళ్ళ బిగువున.

"ఊరుకో వదినా. అందరూ వింటారు."

కాఫీల విరామంలో లివియు చేతిలో జున్ను పెట్టి కాల్చిన బానిట్సా రొట్టె ముక్కతో వెతుక్కుంటూ వచ్చాడు. పొడుగాటి మనిషి, వంగి నడుస్తాడు. ఆ ముక్క అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"నా మీద కోపమా పెన్కా గారూ?" అన్నాడు చివరికి.

"నాకెందుకు కోపం డాక్టరు గారూ? రాయకపోతే రాయకపోయారు. పెద్దవాళ్ళు."

"వద్దన్నది మీరే కదండీ! ఏం తప్పు చేశానో అని చలికాలమంతా దిగులుపడ్డాను."

"నేనా? వద్దన్నానా? ఎప్పుడు?"

"రేవులో. ఇలాగ." ఆయన తల నిలువుగా రెండుసార్లు కిందికి ఊపి చూపించాడు.

మా ఒడ్డున అవునంటే తల అడ్డంగా ఊపుతాం, కాదంటే నిలువుగా. నది దాటితే తలకిందులు. పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతే.

పెన్కా నుదురు కొట్టుకుంది.

"అది మీ అవునండీ! మీరడిగారు కదాని మీ దేశపు అవునే ఊపాను!"

"మీరు ఊపారు కదాని నేను మీ దేశపు 'కాదు' అనుకున్నాను!"

ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఆయన భుజాలు కదిలాయి. ఆమె కళ్ళు మూసుకుని, పొట్ట పట్టుకుని, కుర్చీలో కూలబడి నవ్వింది. ఏడుపో నవ్వో తెలియనంతగా ఇద్దరి కళ్ళూ కారాయి. ప్రతి అంకెనూ రెండేసి సార్లు చెప్పుకున్న మనుషులు ఆ ఒక్క మాటను మాత్రం ఒక్కసారితో సరిపెట్టుకున్నారు.

"బాగుంది వరస," అంది రాయ్నా. "ఇరవై రెండేళ్ళు చేప మనసు కనిపెట్టారు, ఎదురుగా ఉన్న మనిషి తల కనిపెట్టలేకపోయారు. దీనికి పురస్కారం ఒకటి!"

విరామం తర్వాత పాటలవాళ్ళు వేదికెక్కబోతుంటే లివియు వాళ్ళను ఆపి మైకు అందుకున్నాడు. తన వంకర బల్గేరియన్‌లోనే మాట్లాడాడు. "పొరపాటు జరిగింది. పొరపాటు నా తలదీ, ఇంకొకరి తలదీ," అన్నాడు. జనం నవ్వారు. "ఈ పనిలో మొదటి పేరు చదవడం మరిచాం. మంచు కురిసినా, వరద వచ్చినా, ఇంట్లో మనిషి పోయినా నది దగ్గరికి దిగిన పేరు. పెన్కా గాన్చెవా." అని, అదే మాట తన భాషలో ఇంకోసారి చెప్పాడు.

పెన్కా లేచి నిలబడింది. వదిన చెప్పినట్టు పెద్ద తేడా ఏమీ కనబడలేదు. ఆమె ఎక్కడుందో చూడటానికి వెనకవాళ్ళు లేచారు. వాళ్ళు అడ్డం వచ్చారని వాళ్ళ వెనకవాళ్ళు లేచారు. చూస్తుండగానే హాలంతా లేచి నిలబడింది. చప్పట్లు చాలాసేపు ఆగలేదు. రొట్టెల కొట్టువాడు ఈల వేశాడు. పెన్కాకు ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వదిన చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

పాటలయ్యాయి. ఫోటో కోసం వేదిక మీద కుర్చీలు సర్దుతున్నారు. ముందు వరుస నడుమ పెద్ద అధికారి కూర్చోబోతే లివియు మర్యాదగానే ఆయన్ని పక్కకు జరిపి, ఒక కాగితం మీద లావాటి కలంతో ఏదో రాసి, ఆ కుర్చీ వీపుకు అతికించాడు. అప్పుడు మెట్లు దిగి మూడో వరుసకు వచ్చాడు. రాయ్నా మంచినీళ్ళకని వెళ్ళింది. పెన్కా ఒక్కతే కుర్చీకి జారబడి, అరచేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, కిటికీ వైపు చూస్తోంది. ముఖం పాలిపోయి ఉంది గాని పెదవుల మీద నవ్వు అలాగే ఉంది. పెదవులు కొద్దిగా కదులుతున్నాయి, ఏవో అంకెలు లెక్కపెడుతున్నట్టు.

"పెన్కా గారూ, మీకోసం ఆగారు. వస్తారా?"

ఆమె తల మెల్లగా కిందికి వాలింది. నిలువుగా, ఒక్కసారి.

లివియు నవ్వాడు. ఈసారి తొందరపడి ఏదో ఒకటి అనుకోదలచుకోలేదు. ఆమె ముందు ఒంగి, "ఇది ఏ ఒడ్డు మాటండీ? నోటితో ఇంకోసారి చెప్పండి," అన్నాడు.

చెబుతుందని నిలబడ్డాడు. వేదిక మీద ఫోటోగ్రాఫరు పిలుస్తున్నాడు. ఆయన చెయ్యెత్తి ఆగమన్నాడు. గ్లాసుతో తిరిగి వచ్చిన రాయ్నా మరదలి భుజం మీద చెయ్యి వేసి, ముఖంలోకి చూసి, గ్లాసు వదిలేసింది.

ఫోటో తీయలేదు. వేదిక మీదివాళ్ళంతా కిందికి దిగారు. హాలు నిండా డాక్టర్లే, ఒక్కరికీ మనిషి నాడి చూడటం రాదు. ఆసుపత్రి బండివాళ్ళు ఆమె ముఖం మీదికి దుప్పటి లాగి తీసుకువెళ్ళాక జనం మెల్లగా కదిలారు. లివియు ఆ రోజు పడవెక్కలేదు. రాయ్నా వాళ్ళింటి అరుగు మీద సాయంత్రందాకా కూర్చున్నాడు, ఎవరు పలకరించినా తల ఊపకుండా.

హాలు కాపలాదారు కుర్చీలన్నీ మడిచి గోడకు చేర్చాడు. ముందు వరుస నడిమి కుర్చీ దగ్గరికి వచ్చి చదివి, దాన్ని మాత్రం కదపకుండా దీపం ఆర్పాడు. కుర్చీ వీపు మీది కాగితంలో పెన్కా గాన్చెవా అని రెండుసార్లు ఉంది, ఒకసారి మా లిపిలో, ఒకసారి వాళ్ళ లిపిలో.