వంటగది లేని ఇల్లు

తన భర్తకు ఇంకో సంసారం ఉందని దర్జీ ఆవిడకు పెళ్ళయిన కొత్తలోనే అనుమానం పట్టుకుంది. దానికి కారణం ఇంకో ఆడది కాదు, ఒక ఇల్లు.

ఆయన బస్సు డిపోలో మెకానిక్. మాటలు తక్కువ మనిషి. కానీ చిన్నప్పటి ఇంటి సంగతి కదిపితే చాలు, ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. ఒక్కో మెట్టుకు ఒక్కో రంగు వేసిన మెట్లు, హాలు మధ్యలో ఉయ్యాల, పడుకుంటే చుక్కలు కనిపించే అద్దాల కప్పు ఉన్న గది, ముందువైపు ఏనుగైనా పట్టేంత ఆకుపచ్చ తలుపు. పెళ్ళికి ముందు ఇదంతా విని ఆవిడ మురిసిపోయింది, చుట్టాల దగ్గర గొప్పలు పోయింది. తీరా చూపించమంటే, అమ్మానాన్నలు పోయాక దాయాదులు ఆక్రమించుకున్నారని, కోర్టులో ఉందని దాటేశాడు. ఏ కోర్టు అంటే నీళ్ళు నమిలాడు.

ఆ ఇంట్లో ఇంకెవరినో ఉంచాడేమోనని అక్కడ మొదలైంది. అనుమానం ఒకసారి లోపలికి వస్తే ఊరుకుంటుందా, కనిపించిన ప్రతిదానికీ ముడిపెడుతుంది. ఆయన పడకగదిలో పడుకోడు. వీధి తలుపు పక్కనే చాప పరుచుకుంటాడు. డిపో నుంచి ఎప్పుడు పిలుపొస్తుందో అంటాడు. ఇన్నేళ్ళలో ఒక్క పిలుపూ వచ్చిన పాపాన పోలేదు. సడి లేకుండా జారుకోవడానికి కాకపోతే గుమ్మం దగ్గర ఏం పని అని ఆవిడ లోలోపల ఉడికిపోయేది.

ఒకనాడు గుడ్డ కత్తిరిస్తూ, మాటవరసకు అడిగినట్టు అడిగింది, అంత ఇంట్లో మీ అమ్మ వంట ఎక్కడ చేసేదని. ఆయన తెల్లబోయాడు. బాగా ఆలోచించి, వెనకాల ఎక్కడో అన్నాడు. వంటగది ఎక్కడుందో తెలియకుండా పెరిగిన పిల్లాడుంటాడా? అబద్ధమని తేలిపోయింది. ఎందుకు అబద్ధమన్నదే తేలలేదు.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం ఒక నర్సు తన కూతుర్ని వెంటబెట్టుకుని గౌను కొలతలకు వచ్చింది. పిల్ల కుదురుగా నిలబడితేనా. కదలకుండా ఉంటే మన ఇంటి కథ చెప్తానంది తల్లి. పిల్ల కొయ్యబొమ్మలా నిలబడిపోయింది. రంగురంగుల మెట్లట. హాల్లో ఉయ్యాలట. చుక్కలు కనిపించే గది అచ్చంగా అమ్మదట. దర్జీ ఆవిడ చేతిలో టేపు జారి కింద పడింది.

దొరికావే అనుకుంది. పిల్ల ముక్కు ఆయన ముక్కులాగే ఉందనిపించింది, మరుక్షణం కాదనిపించింది, మళ్ళీ అవుననిపించింది. భుజాల కొలత తీసింది, మరిచిపోయింది, మళ్ళీ తీసి మళ్ళీ మరిచిపోయింది. చివరికి, ఆ ఇంట్లో వంటగది ఎక్కడుందని అడిగింది.

నర్సు ఏదో చెప్పబోయి ఆగింది. ఆ తర్వాత పకపకా నవ్వింది.

"భలే అడిగారండీ. మేం దానికి వంటగది పెట్టనేలేదు. అనాథల హాస్టల్లో పెరిగాం కదా, గంట కొడితే పళ్ళెం పట్టుకెళ్ళడమే. ఇంట్లో అన్నం వండుకోవాలన్న ధ్యాసే రాలేదు మాకు."

దీపాలు ఆర్పాక పిల్లలంతా కలిసి మాటలతో కట్టుకున్న ఇల్లట అది. తలా ఒక గది పంచుకున్నారట. అందరికంటే చివర ఒక బక్కపిల్లాడు వచ్చి చేరాడు. అప్పటికి గదులన్నీ అయిపోయాయి. ఎవరూ తమ గదిలో చోటివ్వలేదు. వాడు ఏడుస్తుంటే, పోనీ తలుపు నీది, కాపలా కాయి అన్నారట.

"ఆ మాట నిజమనుకుని వాడు చాప లాక్కెళ్ళి గుమ్మం దగ్గరే పడుకునేవాడండీ. హాస్టల్ వదిలి మెకానిక్ పనికి పోయేదాకా అంతే. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది."

దర్జీ ఆవిడ లోపలికెళ్ళి పెళ్ళి ఫోటో తెచ్చి చేతిలో పెట్టింది. నర్సు దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. తలెత్తినప్పుడు కళ్ళు నిండి ఉన్నాయి.

"బక్కోడే, వదినా," అంది. అందాకా మీరు, అండీ అన్న మనిషి.

ఆయన్ని నిలదీద్దామని ఆవిడ సాయంత్రందాకా మాటలు కూడబెట్టుకుంది. ఇన్నేళ్ళు అబద్ధం చెప్పినందుకు కోపం పోలేదు, అంత తేలిగ్గా పోదు కూడా. చుట్టాల ముందు లేని ఇంటి గురించి కోతలు కోసింది తను కదా. కానీ ఆయన భోంచేసి, ఎప్పటిలాగే చాప చంకన పెట్టుకుని గుమ్మం వైపు నడుస్తుంటే, కూడబెట్టిన మాటలన్నీ ఎటో పోయాయి. ఇన్నాళ్ళూ ఆ మనిషి తలుపుకు కాపలా కాస్తుంటే, తను ఆ మనిషికి కాపలా కాసింది. ఆవిడకు ఏడుపొచ్చింది.

"చుక్కల గది ఆవిడ ఇవాళ కూతురికి గౌను కుట్టించడానికి వచ్చింది," అంది.

ఆయన ఆగిపోయాడు. అంతా చెప్పిందా అన్నట్టు చూశాడు. వంటగది లేదని కూడా చెప్పిందని ఆవిడ అంది.

ఆయన తలదించుకున్నాడు.

"నాకు అక్కడ గది రాలేదు," అన్నాడు, చేసిన తప్పల్లా అదొక్కటే అయినట్టు.

"ఇక్కడ ఉంది. చాప అక్కడ పడేసి లోపలికి రండి."

ఆయన వీధి తలుపు వైపు చూశాడు.

"మరి తలుపు?"

"దానికి గడియ ఉంది."

ఆయన వెళ్ళి గడియ వేశాడు. లాగి చూశాడు. ఎందుకైనా మంచిదని ఇంకోసారి లాగి చూసి, లోపలికి వచ్చాడు.