ఈమె నాకేమీ కాదు

రాయమల్లు మీద ఏడేళ్లు పగపట్టాను. చల్లారుతుందిలే అని మా అవ్వ అనుకుంది. కొలువొచ్చింది, కడుపు నిండింది, ఇంకా ఎందుకే ఆ మంట అని పక్కింటివాళ్లు అన్నారు. కడుపు నిండితే పగ పోతుందా? నాకైతే ఒంట్లో బలం వచ్చిన కొద్దీ అదీ బలిసింది. నా పేరు అనసూర్య. గోదావరిఖనిలో కంపెనీ దవాఖాన నర్సును. జనం నన్ను మంచి సిస్టరంటారు. రాయమల్లు సంగతి వచ్చేసరికి మాత్రం నేను మంచిదాన్ని కాను, ముందే చెప్తున్నాను.

మా బాపు పేరు సదయ్య. బొగ్గుబాయిలో మాత్రం ఆయన కొమురెల్లి. కొత్త బాయి తెరిచినప్పుడు కొమురెల్లి అనే ఎవరో పేరు రాయించుకొని, ఒక్క షిఫ్టు లోపలికి దిగి, ఆ చీకటికి జడిసి పైకొచ్చి, హాజరు బిల్ల పారేసి ఊరికి ఉరికాడట. నంబరున్న ఆ బిల్లను మా బాపు చేతిలో పెట్టినవాడు ఆఫీసు క్లర్కు రాయమల్లు. "ఇయ్యాల్టి సంది నువ్వే కొమురెల్లివి. ఎవలన్న పిలిస్తే పలుకు," అన్నాడు. అందుకు మా ఇంటి నుంచి రెండు మేకలు తోలుకుపోయాడు. మారుపేరు మీద బాయికి పోయేవాళ్లు మా క్వార్టర్ల లైన్లోనే ఇంకో నలుగురు ఉండేవారు. పని దొరికింది చాలని ఎవరూ నోరెత్తలేదు. "ఇయ్యాల ఏ మొగనికి అన్నం పెట్టాలె, సదయ్యకా, కొమురెల్లికా?" అని మా అవ్వ సమ్మవ్వ ఆటపట్టిస్తే బాపు పడీపడీ నవ్వేవాడు.

1967లో ఆఫీసు గోడకు నోటీసు అంటించారు. బాయిపనివాళ్ల ఆడపిల్లలు మెట్రిక్ పాసైతే నర్సు చదువుకు పంపుతారు. నెలనెలా స్టైపెండు, హాస్టలు ఖర్చు, బట్టలు అన్నీ కంపెనీవే. చదువు అయిపోగానే ఇక్కడే కొలువు. దవాఖాన పెద్దదవుతోంది, సూది వేసే మనిషి దొరకటం లేదు, అందుకని. మా గనులకు ఒక్కటే సీటు. నేను పెద్దపల్లిలో మేనత్త ఇంట్లో ఉండి చదివి ఫస్టు క్లాసులో పాసయ్యాను. నాకిక నేల మీద కాలు నిలవలేదు. దరఖాస్తు నేనే నింపాను. తండ్రి పేరు అన్నచోట సర్టిఫికెట్లో ఉన్నట్టే సదయ్య అని రాశాను. కార్మికుని నంబరు అన్నచోట బాపు బిల్ల నంబరు వేశాను. ఎంత తెలివితక్కువదాన్ని! ఆరేళ్లుగా ఇంట్లో రెండు పేర్లు వింటున్నదాన్ని, అందులో తప్పుందని తోచనేలేదు.

నా మార్కులు చూసి కొత్తగూడెంలోని పెద్దాఫీసు నా పేరే ముందు పెట్టింది. ఈ పిల్ల ఈ కార్మికుని కూతురేనా, విచారించి రాయండి అని రాయమల్లుకు కాగితం వచ్చింది. నా తర్వాతి పేరు ఎవరిదనుకున్నారు? రాయమల్లు బామ్మర్ది కూతురిది.

బాపును, నన్ను ఆఫీసుకు పిలిపించాడు. నన్ను కిటికీ అవతల నిలబడమన్నాడు.

"సదయ్యా, నీ బిడ్డ నిన్ను ముంచింది," అన్నాడు. "కొమురెల్లి నంబరు కింద సదయ్య బిడ్డ ఏంది? ఈ పోరి నీ బిడ్డనే అని రాస్తే నువ్వు కొమురెల్లివి కావు. కొలువు పోతది, కేసైతది. నువ్వు కొమురెల్లివే అంటే ఈ పోరి నీ బిడ్డ కాదు. ఏది రాయమంటవ్?"

"సారూ, ఆ బిల్ల నువ్వే ఇస్తివి గద. జర నువ్వే తొవ్వ జూపు," అన్నాడు బాపు.

"జూపుతనే ఉన్న గద. గీ కాయిదం మీద ఏలుముద్ర ఎయ్యి. ముందుగాల సదివి ఇనిపిస్త, అది రూలు."

చదివాడు. బాపుకు వినిపించటానికైతే అంత గొంతు అక్కర్లేదు. కిటికీ అవతల ఉన్న నాకు వినిపించాలని చదివాడు. "అనసూర్య అను ఈమె నా కూతురు కాదు. ఈమె నాకేమీ కాదు. నా నంబరు నాకు తెలియకుండా వాడుకున్నది."

బాపు చెయ్యి వణికింది. బొగ్గు చెక్కే చెయ్యి, ఎన్నడూ వణకని చెయ్యి. ముద్ర అలుక్కుపోయింది. రాయమల్లు బాపు బొటనవేలు పట్టుకొని, సిరాలో అద్ది, రెండోసారి గట్టిగా ఒత్తాడు.

బయటికొచ్చి బాపు నా మొహం చూడలేదు. ఆ రోజు నుంచి నన్ను బిడ్డా అని పిలవటం మానేశాడు. "అనసూర్యా, నీళ్లు తే," అనేవాడు, ఇరుగుపొరుగు పిల్లను పిలిచినట్టు. స్టైపెండు పోయిందని ఏడ్చాను, నిజమే. కానీ ఆ ఏడుపు నాలుగు రోజులు. ఈ ఏడుపు ఏడేళ్లు. ఆ కాగితాన్ని రాయమల్లు చేతుల్తోనే తెప్పించి బాపు ముందు కాల్చకపోతే నేను బాపు బిడ్డనే కాదని ఒట్టు పెట్టుకున్నాను.

బామ్మర్ది కూతురు స్టైపెండు మీద పోయింది. ఆరు నెలలకు, నెత్తురు చూస్తే కండ్లు తిరుగుతున్నాయని పెట్టె సర్దుకొని ఇంటికొచ్చింది. ఆ సీటు మన్నులో కలిసింది. దాని నోట్లో మన్ను పడ అని నేనూ తిట్టాను, ఆ పిల్ల తప్పేం లేకున్నా.

మా పక్క క్వార్టర్లో స్తెఫను బావ, సుసన్నక్క ఉండేవారు. సుసన్నక్క ఒకప్పుడు దూరాన ఒక మిషన్ దవాఖానలో పనిచేసింది. "ఏడ్సుడు ఇంక సాలు, పా," అని నన్ను అక్కడికి తీసుకుపోయి, దవాఖాన నడిపే దొరసాని కాళ్లావేళ్లా పడి చేర్పించింది. స్టైపెండు లేదు. తిండికీ చదువుకూ బదులు పనిచెయ్యాలి. తోటి పిల్లలు పుస్తకం పట్టుకొని కూర్చునే వేళకు నేను నెత్తురు దుప్పట్లు ఉతికేదాన్ని. బండకేసి కొట్టిన ప్రతిసారీ రాయమల్లును తలుచుకునేదాన్ని. నేను ఉతికినంత తెల్లగా ఇంకెవరూ ఉతకలేదని దొరసాని మెచ్చుకుంది.

చదువై తిరిగొచ్చేసరికి కంపెనీకి నర్సులు ఇంకా దొరకటం లేదు. సదయ్య కూతురు అనసూర్య అని రాసిస్తే మారుమాట లేకుండా కొలువిచ్చారు. 1973లో కండ్ల వార్డులో ఉన్నప్పుడు పూలమ్మ అనే ముసలమ్మ కంటి పొర తీయించుకోవటానికి వచ్చింది. కుటుంబ కార్డులో రాసి ఉంది: రాయమల్లు తల్లి, పూలమ్మ. కంట్లో మందు వేస్తుంటే ఆమె మురిసిపోతూ చెప్పింది. "మా అల్లుడు బంగారం బిడ్డా. ఆఫీసుల తన అవ్వ జాగల నా పేరు రాయించిండు."

ఆహా, రాయమల్లూ! కన్నతల్లి ఊళ్లో కూతురి దగ్గర ఉంటోంది, దానికి దవాఖాన ఎందుకులే అనుకున్నాడు, పెండ్లాన్ని మెప్పించటానికి అత్తను తల్లిని చేశాడు. ఆ రోజే పైకి చెప్పొచ్చు. చెప్పలేదు. మూటగట్టి దాచుకున్నాను.

మరుసటి ఎండాకాలం ఆ మూట విప్పే రోజు వచ్చింది. పొద్దున పది గంటలకు రిక్షాలో ఒక ముసలమ్మను తెచ్చాడు రాయమల్లు. కొడుకును చూడాలని ఊరి నుంచి వచ్చి, వాంతులు, విరేచనాలతో సోలిపోయింది. డాక్టరు చూసి, సెలైన్ పెట్టమని, పేరు రాసుకొమ్మని నాకు చెప్పి, బాయిలో దెబ్బ తగిలినవాని దగ్గరికి పోయాడు. నేను ముందు సూది గుచ్చి బాటిల్ ఎక్కించాను. ప్రాణం దగ్గర పగ చూపొద్దని సుసన్నక్క నేర్పింది. నరం దొరికి చుక్కలు పడటం మొదలయ్యాక రిజిస్టరు తెరిచాను.

"పేరు?"

"పూలమ్మ. మా అవ్వ. కార్డుల ఉన్నది సూడు సిస్టరమ్మా."

"పూలమ్మకు పోయినేడు నేనే కండ్లల్ల మందేసిన సారూ. ఆమె కండ్లకు పొర తీసిన్రు. ఈ అవ్వ కండ్లకు పొర అట్లనే ఉన్నది."

రాయమల్లు నుదుటికి చెమట పట్టింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఈమె ఐలవ్వ. నన్ను కన్న తల్లి. జర ఎట్లనన్న రాసుకో సిస్టరమ్మా, నీ మేలు మరువ."

"ఈమె నీ అవ్వ అని రాస్తే, మరి పూలమ్మ ఎవలని అడుగుతరు. నీ కొలువు పోతది, కేసైతది. పూలమ్మనే నీ అవ్వ అంటే ఈమె నీకేం గాదు. దిక్కులేని మనిషిని పుణ్యానికి తెచ్చిన అని రాసియ్యి, రూలు ప్రకారం ఉచితంగ జూస్తం. ఏది రాయమంటవ్?"

అప్పుడు నా మొహం తేరిపార చూశాడు. "నువ్వు... సదయ్య బిడ్డవు గద!"

"గాదని నీ ఫైల్ల ఉన్నది గద సారూ."

నా బతుకులో అంత తియ్యటి మాట నేనెన్నడూ అనలేదు. నాలుకకు దాని రుచి ఇంకా ఉంది.

"మీ బాపు దొంగపేరు సంగతి నేను పైకి రాస్త!" అని పండ్లు కొరికాడు.

"రాయి. బాపు పోయినేడే కొలువు ఇడిసిండు, ఇగ ఆయన ఒట్టి సదయ్యనే. ఆ బిల్ల ఎవలిచ్చిన్రో గూడ రాయి, మరువకు."

తల్లి వైపు చూశాడు, బాటిల్ వైపు చూశాడు. కలం తీశాడు. నేను చెప్తుంటే రాసి సంతకం పెట్టాడు. "ఇగ సదివి ఇనిపిస్త," అన్నాను. "అది రూలు."

మంచం పక్కనే నిలబడి చదివాను. "ఐలవ్వ అను ఈమె నా తల్లి కాదు. ఈమె నాకేమీ కాదు. తొవ్వల పడి ఉంటే పుణ్యానికి తెచ్చినాను." ఐలవ్వ కండ్లు తెరిచి ఉన్నాయి. నేను చూశాను. చూసి కూడా గొంతు తగ్గించలేదు, ఇంకా పెంచాను. ఆమె నాకు ఏ అన్యాయమూ చెయ్యలేదు. ఆ సంగతి అప్పుడు నాకు గుర్తు రాలేదంటే అబద్ధమవుతుంది.

"మా బాపు ముద్ర ఉన్న కాయిదం పట్టుకరా," అన్నాను రాయమల్లుతో. "ఈమెను పంపేనాడు నీ కాయిదం నీకిస్త."

మూడో రోజు మధ్యాహ్నం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పసుపు పచ్చబడిన కాగితం, కింద అలుక్కుపోయిన ముద్ర ఒకటి, ఒత్తిన ముద్ర ఒకటి. డ్యూటీ దిగి నేరుగా ఇంటికి పోయాను. బొగ్గుపొయ్యి మీద అవ్వ అన్నం వండుతోంది. బాపు చేతికిచ్చాను. చదువురాని మనిషి, తన వేలిముద్రను గుర్తుపట్టాడు. పొయ్యిలో పెట్టాడు. అది మసైపోయేదాకా చూసి అన్నాడు. "కాళ్లు కడుక్కో బిడ్డా, బువ్వ తిందాం."

ఆ పూట నేను తిన్నంత అన్నం ఎన్నడూ తినలేదు.

తెల్లారి ఐలవ్వను పంపే రోజు. రాయమల్లు తెల్లంగి తొడుక్కొని రిక్షాతో వచ్చాడు. మాట ప్రకారం ఆయన కాగితం ఆయనకిచ్చాను. అక్కడే ముక్కలుముక్కలు చేసి జేబులో వేసుకున్నాడు. మొహంలోకి మళ్లీ ఆ పాత దర్జా వచ్చింది. మంచం దగ్గరికి పోయి, "అవ్వా, లే, ఇంటికి పోదాం," అన్నాడు.

ఐలవ్వ ఆయన వైపు తిరగలేదు. తన బట్టల మూట ఒళ్లో పెట్టుకొని నాతో మాట్లాడింది.

"బిడ్డా, ఆ సారుకు దండం పెట్టిన అని చెప్పు. తొవ్వల పడి ఉంటే పుణ్యానికి తెచ్చిండట గద."

"అవ్వా! అది ఒట్టి కాయిదమే, సింపేసిన!" అని మంచం పట్టుకొని కింద కూర్చున్నాడు రాయమల్లు. వార్డంతా చూస్తోంది. దర్జా లేదు, గొంతు లేదు. ఏడుస్తున్నాడు. నేను ఏడేళ్లు కోరుకున్నది అదే, కండ్లనిండా చూశాను.

"నన్ను పెద్దపల్లి బస్సు ఎక్కియ్యి బిడ్డా," అంది ఐలవ్వ. "నా బిడ్డ కనకవ్వ కాడికి పోత."

ఇంటికి పంపేటప్పుడు రిజిస్టరులో ఒక వరస నింపాలి, రోగిని తీసుకుపోవటానికి ఎవరొచ్చారో రాయాలి. "నీ ఎంబడి ఎవలొచ్చిన్రు అవ్వా?" అని అడిగాను.

"ఎవలు రాలే."

అదే రాశాను. చదివి వినిపించాను. సిరా డబ్బా ముందుకు జరిపితే, ఎవరి సాయం లేకుండా ఆమె తన బొటనవేలు అద్దుకొని ముద్ర వేసింది. మా బాపు చెయ్యి వణికింది. ఆమె చెయ్యి వణకలేదు.