ఏడో రౌండు

వ్యాయామ సంఘం నోటీసుబోర్డు మీద పరుగు ఫలితాల కాగితంలో ఆవిడ పేరుకెదురుగా "మధ్యలో మానేసింది" అని ఏడాదిపాటు ఉంది. ఎండకి సిరా వెలిసిపోయినా ఆ రెండు మాటలూ చదవొచ్చు, అంత నొక్కి రాశాడు. రాసినవాడు పరాయివాడైనా కొంత నయం. సొంత మరిది.

ఆవిడ కుట్టుమిషను మీద బతుకుతున్న మనిషి. ఇరవై రెండేళ్ళలో పట్టిన బట్ట కుట్టకుండా వదిలింది లేదు, ఇచ్చిన తేదీ తప్పింది లేదు. అలాంటి మనిషి మధ్యలో మానేసిందట.

నిజానికి జరిగింది ఇదీ. ఆ ఊళ్ళో ఏటా ఒక చిన్న మారథాన్ జరుగుతుంది. టోపీల పంపకం లేదు, మైకు లేదు, పాతిక ముప్పైమంది కంటే రారు. గోదాముల చుట్టూ ఉన్న ఏడు కిలోమీటర్ల రోడ్డుని ఆరుసార్లు చుట్టి రావాలి. మిగిలిన చిల్లర మీటర్లు మొదట్లోనే మైదానంలో పరిగెత్తించేస్తారు. గడువు ఆరు గంటలు. పోయినేడు ఆవిడ ఇంకా ఆరు నిమిషాలుండగా ముగింపు గీత దగ్గరికి వచ్చింది. వచ్చేసరికి బల్ల లేదు, తాడు లేదు, మనుషుల్లేరు. ఊడ్చే ఆవిడ ఒక్కతే కాగితం కప్పులు పోగుచేస్తోంది.

"అందరూ ఏరమ్మా?"

"టిఫిన్‌కి పోయారు. అయిపోయిందన్నారే?"

ఆ చీపురు సాక్షిగా ఆవిడ గీత దాటింది. మర్నాడు అడిగితే మరిది నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "ఎవరూ మిగల్లేదనుకున్నాం వదినా. పోనీలే," అన్నాడు. ఇంటాయన కూడా పోనీలే అన్నాడు. ఇదంతా నడిపించే డ్రిల్లు మాస్టారు "పోనివ్వండమ్మా, సరదాకి పెట్టుకున్నదే కదా," అన్నాడు. సరదాకైతే కాలిగోళ్ళు రెండు నల్లబడి ఊడిపోతాయా?

పోనీలే అన్న మాట వింటే ఆవిడకి ఒళ్ళు మండుతుంది. పోయింది తమది కానప్పుడే జనం ఆ మాట అంత తేలిగ్గా అంటారు. ఆ ఏడాదంతా షాపుకొచ్చిన ప్రతివాళ్ళూ ఓదార్చారు. "మధ్యలో మానేసినా పర్లేదండీ, ఈ వయసులో అంతదూరం పోవడమే గొప్ప," అన్నాడొక పెద్దమనిషి, టేపు తన మెడ చుట్టూ ఉండగానే. ఆవిడ నిగ్రహాన్ని మెచ్చుకోవాలి. మెడ కొలత రాసుకుని టేపు తీసేసింది.

ఈ ఏడు ఆ మాట చెరిపించుకోవాలి, అంతే. పతకాలూ చప్పట్లూ ఆవిడకి అక్కర్లేదు. ఆ కాగితంలో తన పేరుకెదురుగా నిజం రాయాలి.

అందుకని జాగ్రత్తపడింది. షాపులో కాజాలు కుట్టేటప్పుడు ఆవిడకో పద్ధతుంది. జాకెట్టు ఎడమ చేతి అంచుకి పిన్నీసులు గుచ్చుకుని, డజను పూర్తయినప్పుడల్లా ఒకటి తీసి కుడి చేతికి గుచ్చుకుంటుంది. మాటల్లో పడ్డా లెక్క తప్పదు. పరుగుకీ అదే పద్ధతి పెట్టుకుంది. ఎడమ చేతికి ఆరు పిన్నీసులు, రౌండుకొకటి కుడి చేతికి. సంఘం వాళ్ళ లెక్క వేరు. బల్ల దగ్గర మరిది కూర్చుంటాడు. వచ్చిన మనిషికి ఒక రబ్బరు బ్యాండు ఇచ్చి, అట్ట మీదున్న కాగితంలో ఒక గీత గీస్తాడు. బ్యాండు లేకపోతే రౌండు లేనట్టే.

మూడో రౌండు ముగిసేసరికి బల్ల దగ్గర మరిది లేడు. కుర్చీ ఉంది, అట్ట ఉంది, సగం తాగిన టీ ఉంది. డబ్బాలోంచి తనే ఒక బ్యాండు తీసుకుంటే దొంగతనమంటారు. "వచ్చానూ" అని రెండుసార్లు కేకేసి, పిన్నీసు మార్చుకుని సాగిపోయింది. చూసినవాళ్ళుంటారులే అనుకుంది. అదొక్కటే ఆవిడ చేసిన పొరపాటు.

బయల్దేరిన నాలుగు గంటల యాభై నిమిషాలకి గీత దాటింది. కుడి చేతికి ఆరు పిన్నీసులు.

మరిది ఆవిడ మణికట్టు వైపు చూశాడు. "అయిదే ఉన్నాయి వదినా. ఇంకొక్కటుంది."

"ఆరు అయ్యాయి. మూడోసారి నువ్వు కుర్చీలో లేవు."

"నేనెక్కడికి పోతాను? పొద్దున్నుంచీ ఇక్కడే కదా. ఇదిగో, కాగితంలో కూడా అయిదే."

"గీసేవాడు లేకపోతే గీత దానంతటదే పడుతుందా?"

డ్రిల్లు మాస్టారు వచ్చాడు. మెళ్ళో వేలాడే గడియారం చూశాడు, కాగితం చూశాడు, పిన్నీసుల వైపు మాత్రం చూడలేదు. "రూలు రూలేనమ్మా. మీరు అలసిపోయారు, లెక్క తప్పుంటారు. పోనీ..."

"ఆ మాట అనకండి మాస్టారూ," అంది ఆవిడ.

కుర్చీ వదిలిపోయినవాడు సత్యసంధుడు, నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తిన మనిషికి లెక్క రాదు. ఇక వీళ్ళతో వాదించడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. గట్టిగా ఏడవాలనిపించింది. ఏడిస్తే దాన్ని కూడా అలసటలో జమకట్టేస్తారని మానుకుంది.

"ఇంకా ఎంత టైముంది?"

"అరవై ఎనిమిది నిమిషాలు."

"సరే, ఇంకోటి పరిగెత్తుతాను. కానీ ఈసారి లెక్కరాసే మనిషి నా వెంట రావాలి. అట్టతో సహా. రేపు మళ్ళీ చూడలేదనకుండా."

మరిది నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. చుట్టూ నీళ్ళు తాగుతున్న నలుగురూ, "న్యాయమే, వెళ్ళవయ్యా," అన్నారు. మాస్టారు తల ఊపాడు. చిన్నప్పుడు కబడ్డీ ఆడినవాణ్ణని పదిమందిలో చెప్పుకునే మరిదికి కాదనే దారి లేకపోయింది. చంకలో అట్ట, కాళ్ళకి చెప్పులు, ముందు బొజ్జ. బయల్దేరాడు.

మొదటి కిలోమీటరు కబుర్లు చెప్పాడు. రెండో కిలోమీటరులో కబుర్లు ఆగాయి. మూడోది పూర్తయ్యేసరికి చెప్పు తెగింది. తూనికల షెడ్డు దగ్గర కల్వర్టు మీద కూలబడ్డాడు.

"ఆగు వదినా. ఆగు, చెప్తాను." ఊపిరి అందడానికి కాసేపు పట్టింది. "మూడో రౌండప్పుడు నేను లేను. టీ చల్లారిపోతే ఇంకోటి తెచ్చుకుందామని వెళ్ళి కబుర్లలో పడ్డాను. మాస్టారు తిడతారని చెప్పలేదు. ఒప్పుకున్నాను కదా, ఆరూ రాసేస్తాను. పద, వెనక్కి పోదాం."

ఆవిడ నిలబడింది. నిలబడగానే పిక్కలు పట్టేశాయి. అడిగిన నిజం చేతికొచ్చింది, వెనక్కి తిరిగితే చాలు. కూర్చోవాలని ఒళ్ళంతా పోరుతోంది. కానీ ఒక టీకోసం తనని ఇంత దూరం పరిగెత్తించి, అది కూడా కుర్చీలో కూర్చున్నంత హాయిగా ఒప్పుకుంటున్నాడు. పైగా అడుగుతున్నది ఏమిటి? మొదలుపెట్టిన రౌండు మధ్యలో మానేయమని.

"పోయినేడు చేయనిది ఈ ఏడు చేయమంటావా?" అని పరుగందుకుంది.

మిగిలిన నాలుగు కిలోమీటర్లూ ఎలా పోయాయో ఆవిడకి సరిగా తెలీదు. ఇనుప గోదాము దగ్గర నడిచింది. మలుపు తిరిగాక, నడిచినందుకు తనని తానే తిట్టుకుంది. తర్వాత పోనీలే అన్నవాళ్ళందరినీ వరసబెట్టి తిట్టుకుంటూ పరిగెత్తింది. వాళ్ళు చాలామంది ఉండబట్టి దారంతటికీ సరిపోయారు.

గీత దాటేసరికి మూడు నిమిషాలు మిగిలాయి. మాస్టారు గడియారం నొక్కి, రాద్దామని బల్ల వైపు తిరిగాడు. రాయడానికి అట్ట లేదు. అది కల్వర్టు మీదుంది.

"అట్ట రానివ్వండి. అందాకా ఎవరూ ఎక్కడికీ వెళ్ళొద్దు, మాస్టారూ," అంది ఆవిడ. మరిది కుర్చీలో కూర్చుంది. ఎవరూ వెళ్ళలేదు.

పది నిమిషాలకి పాలవ్యాను వచ్చి ఆగింది. అందులోంచి మరిది దిగాడు, ఒక చేతిలో చెప్పు, ఒక చేతిలో అట్ట. మాస్టారి ముందు మూడో రౌండు సంగతి ఇంకోసారి చెప్పాడు, ఈసారి తలొంచుకుని. మాస్టారి మొహం ఎర్రబడింది.

"ఆరు రాసెయ్యవయ్యా ముందు," అన్నాడు.

ఆవిడ అట్ట లాక్కుంది. తన పేరుకెదురుగా తనే రాసుకుంది. ఏడు.

"అవసరమైనవి ఆరేనమ్మా," అన్నాడు మాస్టారు.

"పరిగెత్తినవి ఏడండీ."

అంతటితో పెన్ను ఇవ్వలేదు. కాగితం అడుగున ఖాళీ ఉంటే మరిది పేరు రాసింది. ఎదురుగా రెండు మాటలు, కాగితం చిరిగేంత నొక్కి రాసింది. మధ్యలో మానేశాడు.

మరిది చదువుకున్నాడు. "ఇదేం న్యాయం వదినా? ఏడాదిపాటు అందరూ చూస్తారు. నేనసలు పందెంలోనే లేను కదా."

"పోయినేడు నేను చివరిదాకా ఉన్నాను," అంది ఆవిడ, అట్ట మాస్టారి చేతికిస్తూ.