చలవ పెట్రోలు

నా మనవరాలు లాస్యకు ఆ రోజు జగదల్‌పూర్‌లో వైద్య ప్రవేశ పరీక్ష. గేటు మూశాక ఎవరినీ లోపలికి రానివ్వరు. తప్పితే మరో ఏడాది ఆగాలి. అందుకే మా ఊరు బచేలిలో ఉదయపు బస్సు ఎక్కుదామన్నాను. మా అల్లుడి తమ్ముడు ఉమామహేష్ నవ్వాడు. కోళ్ల గంపల మధ్య కూర్చుని వెళ్తే పిల్ల డాక్టరు కాదు, పశువుల కాంపౌండరు అవుతుందన్నాడు. తన టర్బో కారుండగా బస్సేమిటని మా సంచులు తానే డిక్కీలో పెట్టేశాడు.

ఉమామహేష్‌కు తెలియని విషయం లేదు. తెలుసుకున్న విషయమూ లేదు. చలికాలంలో రాయ్‌పూర్‌లో ఎవరిచేతనో కారు కంప్యూటరు అమరికను మార్పించి, టర్బో ఒత్తిడి పెంచించుకున్నాడు. ఇకమీదట ఎక్కువ ఆక్టేన్ ఉన్న పెట్రోలు మాత్రమే పోయాలని వాళ్లు షరతు పెట్టి పంపారు. కొన్నాళ్లు అలాగే పోశాడు. కారు జోరుగా నడిచింది. అతని నోరు అంతకంటే జోరుగా నడిచింది.

ఆ పెట్రోలును ఇక్కడ హిందీలో ‘తేజ్‌వాలా’ అంటారు. తేజ్ అంటే ఘాటు. ఘాటైనది వేడి చేస్తుంది. వేడి చేసేదాన్ని ఎండాకాలంలో తగ్గించాలి. ఆవకాయ విషయంలో చేయవలసిన ఈ తర్కాన్ని అతడు ఇంజనుకు వర్తింపజేశాడు.

దంతెవాడ దగ్గర, మేము ఎక్కవలసిన బస్సునే హారన్ మోగిస్తూ దాటేశాడు. గీదంలో ట్యాంకు దాదాపు ఖాళీ అయింది. బంకులో అతడు ‘సాదా’, అంటే మామూలు పెట్రోలు, పొయ్యమన్నాడు. ముందు బస్తానార్ ఘాట్ రోడ్డు ఉంది, సాదా వద్దన్నాను.

“ఎండ చూసేరా అత్తయ్య గారూ? ఇప్పుడు తేజ్‌వాలా పోస్తే ఇంజనుకి వేడి చేసేస్తాదండి. సాదా అయితే చలవ. మీరు కెమిస్ట్రీ పాఠాలు చెప్పేరు గానీ, కారు నడిపేరేటండీ?”

ఆక్టేన్ ఘాటుకు కొలత కాదని, ఓర్పుకు కొలత అని చెప్పాను. టర్బో గాలిని నొక్కి సిలిండరులోకి పంపుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. ఓర్పు లేని పెట్రోలు ఆ వేడికి, ఒత్తిడికి తాళలేక తనంతట తానే భగ్గుమంటుంది. ఓర్పున్న పెట్రోలు నిప్పురవ్వ అంటించిన మంట కోసం ఆగుతుంది. మామూలు కారుకు ఆ ఓర్పు అవసరం లేకపోవచ్చు, నువ్వు మార్పించిన కారుకు ఉంది అన్నాను. అతడు ట్యాంకు నిండా సాదా పోయించాడు.

ఘాట్ ఎక్కడం మొదలైంది. కాసేపటికి రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు. ఆ చప్పుడు విన్న కారు కంప్యూటరు నిప్పురవ్వను ఆలస్యం చేసింది. కారు జోరు తగ్గింది. జోరు తగ్గిందని ఇతడు పెడలు మరింత తొక్కాడు. తొక్కిన కొద్దీ టర్బో మరింత గాలి నొక్కింది. తగ్గించు అన్నాను. రేడియో శబ్దం పెంచాడు. ఒక మలుపులో లోపల ఏదో పగిలిన శబ్దం వచ్చి, వెనక నీలిపొగ లేచి, కారు ఆగిపోయింది.

ఎండదెబ్బ అని తేల్చాడు ఉమామహేష్. బానెట్ ఎత్తి, లాస్య తాగే నీళ్ల సీసా తీసి ఇంజను మీద చల్లబోయాడు. సీసా లాక్కున్నాను. లాస్య హాల్ టికెట్టు గుండెకు అదుముకుని కిందికి, రోడ్డు మలుపు వైపు చూస్తూ నిలబడింది. చివరికి అక్కడినుంచి మేము దాటివచ్చిన బస్సు మూలుగుతూ పైకి వచ్చింది. నేను చెయ్యెత్తాను.

“కాసేపాగండత్తయ్య గారూ, చల్లారితే లేస్తాదండి,” అన్నాడు ఉమామహేష్.

లాస్య అప్పటికే సంచి భుజాన వేసుకుంది. “చలవ బాగానే చేసింది బాబాయ్. మరి లేవదు.”

బస్సులో గోండీ మాట్లాడే ఆవిడెవరో తన కోళ్ల గంపను కాళ్ల సందుకు జరుపుకుని మాకు చోటిచ్చింది. గేటు మూయకముందే చేరాం. లాస్య జడకు అంటుకున్న కోడి ఈక తీసి లోపలికి పంపాను.

బయట చెట్టు నీడన కూర్చోగానే ఉమామహేష్ ఫోను. పిస్టను పగిలిందని మెకానిక్ చెప్పాడట. పెట్రోలులో కల్తీ ఉందని తన అనుమానమట. పరీక్ష సంగతి అడగలేదు. తిరుగు ప్రయాణానికి మాకు కారెలాగ అన్నది అతని దిగులు.

“బస్సుంది,” అన్నాను. “దారిలో నువ్వూ ఎక్కు. కోళ్లు జరుగుతాయి.”