గుర్తులు పెట్టే పిల్ల

సింజియానా పోయినప్పటి నుంచి పదకొండో తరగతిలో కిటికీ పక్క బల్ల మీద ఒక చోటు ఖాళీగానే ఉంది. అక్కడ కూర్చోమని ఎవరికైనా చెప్పడానికి ఒతీలియాకు నోరు రాలేదు. ఆమె ఆ తరగతికి లెక్కల టీచరు. సింజియానా ఆమె కూతురు. డిసెంబరు చివర, రొమేనియాలోని ఆ హూష్ ఊరి ద్రాక్షతోటల మీద మంచు గట్టిపడకముందే, మెదడువాపు జ్వరం ఆ పిల్లను తీసుకుపోయింది.

ఆ ఖాళీ చోటు పక్కన కూర్చునే రుక్సాంద్ర అప్పటి నుంచి లెక్కల్లో జారిపోతూ వచ్చింది. పదికి తొమ్మిది తెచ్చుకునే పిల్లకు మాత్రికల పరీక్షలో మూడు వచ్చాయి. తరువాతి దాంట్లో అవీ రాలేదు. ఏడాది సగటు ఐదుకు చేరకపోతే సెలవుల్లో మళ్ళీ పరీక్ష రాయాలి. అందులోనూ తప్పితే పై తరగతి లేదు.

మే నెలలో ఒకరోజు ఉపాధ్యాయుల గదిలో, కాఫీ కలుపుకుంటూ తెయోఫిల్ ఆ సంగతి ఎత్తాడు. ఆయన బడికి ఉపప్రధానోపాధ్యాయుడు.

"ఆ పిల్లని ఏం చేద్దామనుకుంటున్నారు, ఒతీలియా గారూ?"

"చివరి పరీక్షలో ఏడు వస్తే గట్టెక్కుతుంది."

"వచ్చే ముఖమేనా అది? ఓ ఏడు పడెయ్యండి, మన సొమ్మేం పోయింది? లేకపోతే ఊళ్ళో నోళ్ళు మూయలేం. తన పిల్ల లేదని పక్కపిల్ల మీద కక్ష తీర్చుకుంటోందంటారు."

ఒతీలియా తన కప్పు కడిగి పక్కన పెట్టింది. రుక్సాంద్ర నడవాలో నవ్వుతూ కనబడిన ఒక ఉదయం ఆ కక్ష తన గుండెలో నిజంగానే కదిలిందని ఆయనకెలా చెబుతుంది?

ఆ సాయంత్రం రుక్సాంద్రను ఆపి, నల్లబల్ల మీద మూడు వరసలు, మూడు నిలువుల సంఖ్యలతో చతురస్ర మాత్రిక ఒకటి వేసింది. "దీని విలోమం కనుక్కో."

అందులో ఒక్కో స్థానానికి ఒక చిన్న నిర్ధారకం, అంటే రెండు గుణకారాల తేడా, కట్టాలి. ఆ స్థానాన్ని బట్టి దానికి ప్లస్సో మైనస్సో పెట్టాలి. రుక్సాంద్ర ఖాళీ గళ్ళలో గుర్తులు చకచకా పెట్టేసింది. ఒక్కటీ తప్పు లేదు. అంతే, అక్కడ ఆగిపోయింది. గళ్ళలో సంఖ్య ఒక్కటీ లేదు.

"తరువాత?"

"నాకొచ్చింది ఇంతే టీచర్."

"ఇంతే ఏంటి? నవంబరులో ఇలాంటి లెక్కకే నీకు తొమ్మిది వేశాను."

"అప్పుడు పక్కన తనుంది కదా."

"దాన్ని చూసి రాశావా?"

"చూసి కాదు టీచర్, పంచుకున్నాం. లోపలి లెక్కలు తను చేసేది. గుర్తులు నేను పెట్టేదాన్ని. ఇద్దరి కాగితాల మీదా."

"ఇద్దరి కాగితాల మీదా?"

"తనకి గుర్తులు అస్సలు పట్టుబడేవి కావు. ఎక్కడో ఒక మైనస్ మింగేసేది. 'నా మైనస్‌లకి కాపలాకుక్కవే నువ్వు' అనేది నన్ను."

ఒతీలియాకు మొదట వచ్చింది కోపమే. "నన్నడగొచ్చుగా అది. ఒకే ఇంట్లో ఉన్నాం."

"భయం టీచర్."

"నేనెప్పుడైనా అరిచానా?"

"అరవరు. సుద్దముక్క కింద పెట్టేసి ఊరుకుంటారు. అరిచినా బాగుండేదనేది తను."

ఒతీలియా బల్ల వైపు చూసింది. సుద్దముక్క అక్కడుంది. రుక్సాంద్ర ఆగిపోయినప్పుడు తనే పెట్టి ఉంటుంది. పెట్టినట్టు గుర్తు లేదు.

ఇంటికి వెళ్ళాక చాలాసేపు కోటు విప్పకుండా కూర్చుంది. కూతురికి వేసిన పదులన్నీ జ్ఞాపకం వచ్చాయి. అవి సగం అబద్ధమైనందుకు కాదు ఆమె ఏడ్చింది. పిల్ల ఎప్పుడూ చేసే పొరపాటు ఒకటి ఉండేదట. అది పక్కపిల్లకు తెలుసు, తనకు తెలియదు.

మర్నాడు బడి వదిలాక వెళ్ళి ఆ ఖాళీ చోట్లో కూర్చుంది. రుక్సాంద్ర బెదిరిపోయి పక్కకు జరిగింది.

"ఈ వరస వేలితో మూసెయ్. ఈ నిలువూ మూసెయ్. ఎన్ని మిగిలాయి?"

"నాలుగు."

"ఐమూలగా గుణించు. రెండో ఐమూలది ఇందులోంచి తీసెయ్. గుర్తుల సంగతి నీకు తెలిసిందేగా."

జూన్ దాకా అలా సాగింది. ఒతీలియా మెచ్చుకోలేదు, విసుక్కోలేదు. చెప్పింది పిల్లకు మెల్లగా ఎక్కసాగింది.

పరీక్షరోజు అందరూ వెళ్ళిపోయాక రుక్సాంద్ర ఉండిపోయింది. ఒతీలియా ఆమె కాగితం తీసి ఎర్ర కలంతో దిద్దడం మొదలుపెట్టింది. చిన్న నిర్ధారకాలన్నీ సరిగ్గా ఉన్నాయి. కాని ఏ గడిలోనూ గుర్తు మార్చలేదు. కింద సరిచూడబోయి, గుణకారం కుదరక, సగంలో వదిలేసింది.

"గుర్తులేవి?"

రుక్సాంద్ర వంగి చూసింది. "పెట్టలేదా?"

"నీకు నిద్రలో కూడా వచ్చేవి అవే కదా?"

"తన పని నేను చేస్తున్నాను కదా టీచర్... నా పని పక్కన ఎవరో చేస్తున్నారనిపించింది."

ఒతీలియా మళ్ళీ కాగితం వైపు తిరిగింది. సింజియానా ఒంటరిగా రాసి ఉంటే ఇలాగే రాసి ఉండేది. లెక్కంతా సరిగ్గా చేసి, మైనస్‌లన్నీ మింగేసి. తను ఎన్నడూ చూడని కాగితం ఇది. తెయోఫిల్ మాట గుర్తొచ్చింది. ఒక్క మార్కు కలిపితే సరిపోతుంది, ఎవరూ అడగరు కూడా. తన కూతురి కాగితమైతే ఎంత వేసేదో అంతే వేసింది.

ఆరు.

"అయితే మళ్ళీ పరీక్షేనా?"

"అవును."

"అమ్మ చంపేస్తుంది."

"మీ అమ్మతో నేను మాట్లాడతాను."

రుక్సాంద్ర సంచీ భుజాన వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "శనివారం చర్చిలో తన ఆర్నెల్ల ప్రార్థన కదా. గోధుమల ప్రసాదం కలపడానికి నేను రావచ్చా? తప్పాను కదా, రానిస్తారో లేదో అని అడుగుతున్నా."

ఒతీలియా ఎర్ర కలం బల్ల మీద పెట్టబోయింది. పెట్టలేదు.

"పొద్దున్నే రా," అంది. "ముందు ఇలా వచ్చి కూర్చో. మొదటి గడికి ఏ గుర్తు?"

"ప్లస్."

"రెండోదానికి?"

రుక్సాంద్ర కిటికీ పక్క ఖాళీ చోటు వైపు ఒకసారి చూసింది. "మైనస్," అంది మెల్లగా. ఒతీలియా ఆ గడిలో ఎర్రగా గీత గీసింది.