గొంతుపాప

పొద్దున్నే దుకాణం తీసి దర్జీ మిషనుకు నూనె వేస్తుంటే, కూతురు బట్టలు కత్తిరించే బల్లెక్కి కూర్చునేది. చొక్కా ఎప్పటికవుతుందని వచ్చినవాళ్ళు అడిగేది ఆ పిల్లనే. గొంతుకి ఆపరేషనయ్యాక దర్జీ మాట కన్నబిడ్డకే వినిపించేది, అదీ పాలపళ్ళు ఉన్నంతవరకే. అతనికి రాయడం రాదు. అందుకే వీధంతా ఆ పిల్లని గొంతుపాప అనేవాళ్ళు.

ముందుపళ్ళు ఊడగానే ఆమెకి త, ద, న వినిపించడం మానేశాయి. దారం 'ఆరం' అయింది, నడుము 'అడుము' అయింది. కొత్తపళ్ళొచ్చినా పోయిన అక్షరాలు తిరిగి రాలేదు. తల్లి తిండి మెత్తగా చేసి పెట్టేది, కదిలే పన్నుని నాలుకతో తాకొద్దని బతిమాలేది. పిల్ల దవడ చేత్తో పట్టుకునే నిద్రపోయేది. ఎదిగే పిల్లని ఆపడం ఎవరి తరం?

దవడపళ్ళే మిగిలేసరికి తండ్రి మాట ఉత్త గాలిలా వచ్చేది. పిల్ల అతని మొహం చూసి ఊహించి చెప్పడం మొదలుపెట్టింది. అతను గుడ్డ చాలదంటే, పొట్టిచేతులు పెడతాట్ట అనేది. అతను తల అడ్డంగా ఊపేలోపే వచ్చినవాళ్ళు సరేనని వెళ్ళిపోయేవాళ్ళు. బిక్కమొహం వేసుకున్న పిల్లని తిట్టబుద్ధయ్యేది కాదు, తిట్టినా వినపడదు. పొట్టిచేతులే కుట్టేవాడు.

అతను ఆసుపత్రిలో ఉన్నప్పుడు భార్య పక్కమంచాల వాళ్ళని కూడా కనిపెట్టుకుని ఉంది. అది చూసిన నర్సమ్మ, పట్నంలో ఏడాదుంటే నర్సు పని నేర్పిస్తామంది. భార్య అడిగినప్పుడల్లా దర్జీ ఇల్లెవరు చూస్తారనేవాడు. కూతురు 'వద్దంటున్నాడు' అని చేరవేసేది. తల్లి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేది.

ఒక మధ్యాహ్నం దుకాణంలో భోంచేస్తుంటే చివరి దవడపన్ను ఊడింది. పిల్ల దాన్ని ముద్దతోపాటు మింగేసింది, ఎవరికీ చెప్పలేదు. అప్పుడే తల్లి గిన్నెలు సర్దుతూ, నర్సమ్మ మళ్ళీ కబురు పెట్టిందని, ఇదే ఆఖరిసారన్నదని చెప్పింది.

దర్జీ చాలాసేపు మాట్లాడాడు. చెయ్యి ఓసారి గుమ్మంవైపు, ఓసారి తన గుండెమీదకి వెళ్ళింది. పిల్లకి పక్కకొట్లో రేడియో తప్ప ఏమీ వినపడలేదు.

"ఏమంటున్నారే మీ నాన్న?"

పిల్ల తల్లి మొహంలోకి చూసింది.

"వెళ్ళమంటున్నాడు."

"నిజంగానా?"

"ఇల్లు నేను చూసుకుంటాలే, నువ్వెళ్ళు అంటున్నాడు."

తల్లి గిన్నె కింద పెట్టి కళ్ళు తుడుచుకుంది. పెళ్ళయ్యాక ఇంత మంచిమాట ఆయన నోట వినలేదంది. దర్జీ తల అడ్డంగా ఊపబోయి ఆమె మొహం చూశాడు. మెడ కదల్లేదు.

ఆమె వెళ్ళిన రోజు, బస్సు మలుపు తిరిగాక, కూతురు తండ్రి చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, ఆ రోజు నువ్వు నిజంగా ఏమన్నావు?"

దర్జీ కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక్కో మాటా విడదీసి, పెదాలు బాగా తెరిచి, మొత్తం మళ్ళీ చెప్పాడు. పిల్ల కళ్ళు చిట్లించి చివరిదాకా చూసింది. తర్వాత, అర్థమైందన్నట్టు తలూపింది.

అతను కూడా తలూపాడు. ఇద్దరూ దుకాణం తీయడానికి నడిచారు.